మాంసం లేని చిల్లీ: స్లో కుక్కర్‌కి చేతకాని పనులు

(వంట నేర్చుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మధ్యలో సభలోనివారు అడిగిన ప్రశ్నల్ని కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? సరే.

ఇవాళ నన్ను మాట్లాడమన్నది మాంసం లేని చిల్లీ గురించి, అదీ స్లో కుక్కర్‌లో చేసే చిల్లీ. చిల్లీ అంటే మాంసాన్ని మిరపకాయలతో ఉడికించే చిక్కటి కూర, మాంసం లేనిదాంట్లో రాజ్మాలాంటి గింజలు వేస్తారు. స్లో కుక్కర్ అంటే గంటల తరబడి మెల్లగా ఉడికించే కరెంటు కుండ. దీనికి రెసిపీలు కోకొల్లలు. చాలావాటి సారాంశం ఒకటే: అన్నీ గిన్నెలో పడేయండి, మూత పెట్టండి, సాయంత్రం వచ్చి తినండి. అలా చేసినవాళ్లకి సాయంత్రం దొరికేది ఎర్రటి నీళ్లలో తేలుతున్న గింజలు. ఎండు రాజ్మా నేరుగా వేసుంటే కడుపునొప్పి అదనం. అందుకని నేను కొలతలు చదివి వినిపించడంతో సరిపెట్టను. ఈ కుక్కర్‌కి ఏది చేతనవును, ఏది చేతకాదు అన్నదే నా మాట. చేతకానివి కొన్ని ఉన్నాయి. వాటిని మనం ముందే స్టవ్ మీద కానిచ్చేస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

ముందు చిల్లీ సంగతి రెండు ముక్కల్లో. ఇది టెక్సస్ వంట. 1880ల నాటికే శాన్ ఆంటోనియోలో మిలిటరీ ప్లాజా దగ్గర సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లు బల్లలు వేసుకుని, లాంతర్లు పెట్టుకుని, వేడివేడిగా చిల్లీ అమ్మేవాళ్లు. వాళ్లకి చిల్లీ క్వీన్స్ అని పేరు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ స్టాండ్ ఒకటి పెట్టారు. టెక్సస్ బయట చాలామందికి చిల్లీ రుచి తెలిసింది అక్కడే. అదే దశాబ్దంలో న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే ఊళ్లో విలియం గెబార్ట్ అనే జర్మన్ వలసదారు ఎండు మిరపకాయల పొడిని సీసాలకెత్తి అమ్మడం మొదలుపెట్టాడు. దాంతో మిరపకాయలు దొరకని ఊళ్లలో కూడా ఈ వంట ఇంట్లో చేసుకోగలిగారు. 1977లో టెక్సస్ చట్టసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది.

ఇక్కడే మనకో చిక్కుంది. టెక్సస్‌వాళ్ల చిల్లీలో మాంసం, మిరపకాయ, అంతే. గింజలు వేస్తే ఒప్పుకోరు. 1967లో టెర్లింగ్వా అనే పాడుబడ్డ గనుల ఊరిలో మొదటి చిల్లీ పోటీ జరిగింది. ఒకవైపు టెక్సస్ పాత్రికేయుడు విక్ ఫౌలర్, ఇంకోవైపు న్యూయార్క్ ప్రాంతం నుంచి వచ్చిన హాస్య రచయిత హెచ్. అలెన్ స్మిత్. స్మిత్ గింజలు వేసే మనిషి. చివరికి పోటీ టై అయిందన్నారు. (నవ్వులు) ఇవాళ్టికీ చిల్లీ అప్రిసియేషన్ సొసైటీ ఇంటర్నేషనల్ పోటీల్లో గిన్నెలో గింజలు కనబడకూడదన్నది రూల్. వాళ్ల లెక్కన మనం చేయబోయేది చిల్లీయే కాదు. కాకపోతే పోనివ్వండి. పోటీకి పంపడం లేదు కదా, తినడానికి చేసుకుంటున్నాం.

ఆ టెక్సస్ గొడవ నాకు ఒక్క విషయంలో పనికొస్తుంది. చిల్లీలో మాంసం ఉత్త బరువు కోసం లేదు. దానికి కొన్ని పనులున్నాయి. కొవ్వు ఇస్తుంది. ఆ కొవ్వులోకే మిరపకాయ రంగూ ఘాటూ దిగుతాయి. పెనం మీద ఎర్రగా కాలినప్పుడు ఒక వాసన ఇస్తుంది. ఉడికేకొద్దీ నాలుకని పట్టుకునే రుచి ఒకటి ఇస్తుంది. నమలడానికి కాస్త పని చెబుతుంది. మాంసం తీసేసి ఆ చోట ఇంకో డబ్బా గింజలు పోస్తే ఈ పనులన్నీ ఆగిపోతాయి. మాంసం లేని చిల్లీ చప్పగా ఉందంటే కారణం అదే, ఉప్పు తక్కువై కాదు.

ఇక స్లో కుక్కర్. దీన్ని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్ 1936లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1940లో చేతికొచ్చింది. ఆయన తల్లిది లిథువేనియాలోని విల్నా. యూదులు శనివారం పొయ్యి వెలిగించరు. అందుకని శుక్రవారం పొద్దుగూకేలోపు గింజలు, బార్లీ, మాంసం నింపిన కుండని ఊరి బేకరీకి పంపేవాళ్లట. ఆ పొయ్యి మెల్లగా చల్లారుతూ ఉంటే రాత్రంతా ఆ వేడికే ఉడికేది. దాని పేరు చోలెంట్. తల్లి చెప్పిన ఆ కబురు విని నాక్సన్ కరెంటుతో నడిచే కుండ చేశాడు. అది నాక్సన్ బీనరీ అన్న పేరుతో అమ్ముడుపోయింది. 1970లో రైవల్ కంపెనీ ఆయన సంస్థని కొనేసి, మరుసటి ఏడాది అదే సరుకుని క్రాక్‌పాట్ అన్న పేరుతో మళ్లీ బజార్లో పెట్టింది. పగలంతా ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువవుతున్న కాలం అది. ఇక చెప్పేదేముంది, విరగబడి కొన్నారు.

బీన్స్ కోసం, అంటే ఈ గింజల కోసం పుట్టిన కుండన్నమాట. అయితే ఎండు రాజ్మాని నేరుగా అందులో వేయకూడదు. ఎందుకో చెప్పాలంటే అది ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

లోపల మందపాటి పింగాణీ గిన్నె, దాని చుట్టూ హీటింగ్ కాయిల్. పెద్ద సైజు కుక్కర్ కూడా ఇంచుమించు 200 నుంచి 300 వాట్లు తీసుకుంటుంది, అంతే. స్టవ్ మీద బర్నర్‌తో పోలిస్తే అది ఏ మూలకి? గిన్నె వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. లో, హై అని రెండు మీటలుంటాయి కదా, లో అంటే తక్కువ వేడి అనుకుంటారు చాలామంది. చాలా మోడళ్లలో చివరికి రెండూ చేరేది ఒక చోటికే, మరుగుకి కాస్త కింద. అక్కడికి ఎంత తొందరగా చేరుతుందన్నదే తేడా. పాత మోడళ్లలో, సగమే నింపిన గిన్నెల్లో, మాటిమాటికీ మూత తీసేవాళ్ల ఇళ్లల్లో అది 75, 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోవచ్చు.

రాజ్మాకి ప్రమాదం సరిగ్గా ఆ వేడి దగ్గరే. ఎర్ర కిడ్నీ బీన్స్‌లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. పేరు నోరు తిరగదు, లెక్టిన్ అనుకుందాం. ఇది ప్రోటీన్. దీన్ని కొలిచే యూనిట్ల లెక్కన ఉడకని ఎర్ర రాజ్మాలో 20,000 నుంచి 70,000 దాకా ఉంటుంది. బాగా ఉడికాక 200 నుంచి 400కి పడిపోతుంది. ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లోపు వికారం, వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. చాలామందికి మూడు నాలుగు గంటల్లో తగ్గిపోతుందనుకోండి, కానీ ఆ మూడు నాలుగు గంటలు మనిషి మనిషిలా ఉండడు. ఇంకా విచిత్రమేమిటంటే, 80 డిగ్రీల దగ్గర అరకొరగా ఉడికిన గింజ అసలు ఉడకని గింజ కంటే ఐదు రెట్ల దాకా ఎక్కువ విషపూరితం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. మెత్తబడింది కదా, ఉడికిపోయినట్టే అనుకోవడానికి లేదు.

దీనికి విరుగుడు చాలా తేలిక, అందుకే నేనింతగా చెబుతున్నాను. గింజల్ని కనీసం ఐదు గంటలు నానబెట్టండి. రాత్రి వేసి పొద్దున తీస్తే ఇంకా మంచిది. ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టండి. తెర్లుతూ, బుడగలు పైకి కొడుతూ ఉడకాలి. నూరు డిగ్రీల దగ్గర పది నిమిషాలకే లెక్టిన్ నాశనమవుతుంది. గింజ నడిమధ్య దాకా ఆ వేడి చేరిందన్న భరోసా కోసం ఎఫ్‌డీఏ 30 నిమిషాలు ఉడికించమంటుంది. నా మాట కూడా 30 నిమిషాలే. ఆ తర్వాత స్లో కుక్కర్‌లోకి దించండి, ఇక దిగులు లేదు.

సభలో ఒకరు: నల్ల బీన్స్, పింటో బీన్స్‌కి కూడా ఇంత తతంగం ఉందాండీ?

అవీ ఆ కుటుంబంవే అమ్మా. లెక్టిన్ తక్కువ ఉంటుంది, అసలు లేకపోవడం లేదు. తెల్ల కిడ్నీ బీన్స్‌లో ఎర్రవాటిలో ఉన్నదాంట్లో మూడోవంతు ఉంటుందంటారు. ఏ గింజకి ఎంతుందో గుర్తు పెట్టుకునే బదులు అన్నిటికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి. స్టవ్ ఎలాగూ వెలిగించారు కదా.

ఇంకొకరు: మేము ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేసి, తర్వాత స్లో కుక్కర్‌లో పోస్తే?

భేషుగ్గా. ప్రెషర్‌లో వేడి నూరు డిగ్రీలు దాటుతుంది, లెక్టిన్ మిగలదు. కాకపోతే మరీ మెత్తగా కానివ్వకండి, స్లో కుక్కర్‌లో ఇంకా కొన్ని గంటలు ఉండాలి అవి. పూర్తిగా ఉడికాక మీరు చేయాల్సిన మార్పు ఒక్కటే, స్లో కుక్కర్‌లో టైమ్ తగ్గించడం. డబ్బాల్లో దొరికే గింజలదీ అదే దారి. ఫ్యాక్టరీలో డబ్బాలోనే ఉడికిపోయి వస్తాయి, నానబెట్టే పని కూడా లేదు. నీళ్లు వంపేసి, ఒకసారి కడిగి వేసుకోండి. డబ్బా గింజలు వాడటం తక్కువతనమని నేననుకోను. రుచి మసాలాలో ఉంది.

నానబెట్టే నీళ్లలో ఉప్పు వేయాలా వద్దా అని కూడా అడుగుతుంటారు. వేయండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని పాతమాట ఒకటుంది, అది నిజం కాదు. గింజ తొక్కలో పెక్టిన్ అని ఒక జిగురుంటుంది. కాల్షియం, మెగ్నీషియం దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఉప్పులోని సోడియం కొంతమేర వాటిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది, తొక్క మెత్తబడుతుంది. లీటరు నీళ్లకి 15 గ్రాముల ఉప్పు చాలు. పొద్దున ఆ నీళ్లు పారబోసి, గింజల్ని ఒకసారి కడిగేయండి.

గింజని ఉడకనివ్వనిది ఉప్పు కాదు, పులుపు. టమాటా. ఆ పెక్టిన్ కరిగితేనే గింజ మెత్తబడుతుంది, పులుపులో అది కరగదు. పైగా ముక్కలుగా కోసి డబ్బాల్లో అమ్మే టమాటాల్లో చాలామటుకు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, ముక్క చెదరకుండా ఉండటానికి. ఈసారి డబ్బా వెనక చదివి చూడండి. ఎనిమిది గంటలు ఉడికాక కూడా టమాటా ముక్క ముక్కలాగే తేలుతోందంటే ఆ కాల్షియమే. గింజ గట్టిగా ఉండిపోవడంలో కూడా దాని చెయ్యి ఉంటుంది. అందుకని ముక్కల డబ్బా వద్దు, చిదిపిన టమాటా గుజ్జు తీసుకోండి. అరగంటే ఉడికిన గింజలు వేస్తున్నట్టయితే మొదట నీళ్లు, మసాలాతోనే నడిపించి, గింజ నొక్కితే చిదిగేంత మెత్తబడ్డాక, చివరి రెండు గంటలకి టమాటా పోయండి. డబ్బా గింజలకీ, పూర్తిగా ఉడికిన గింజలకీ ఈ పేచీ లేదు, మొదట్లోనే పోసేయొచ్చు.

గింజల గురించి ఎక్కువసేపే మాట్లాడాను. మిగతావి రుచి తాలూకు సంగతులు, ఇది ఆరోగ్యం తాలూకు సంగతి.

ఇప్పుడు ఉల్లిపాయ. స్లో కుక్కర్‌లో పచ్చి ఉల్లిపాయ వేస్తే అది ఉడుకుతుంది, వేగదు. నీళ్లున్న చోట వేడి నూరు డిగ్రీలు దాటదు. ఉల్లిపాయ ఎర్రబడి ఆ కమ్మని వాసన రావాలంటే దానికి బాగా పైన, 140 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. మాంసం పెనం మీద కాలినప్పుడు వచ్చే వాసనకీ మూలం ఈ చర్యే. మెయిలార్డ్ చర్య అంటారు. మాంసం లేదు కాబట్టి ఆ వాసన మనకి ఉల్లిపాయల్లోంచే రావాలి. అందుకే ఒకటి కాదు, పెద్దవి రెండు వేయండి. వెడల్పాటి మూకుడు పెట్టి, నాలుగు పెద్ద చెంచాల నూనె పోయండి. ఎక్కువ అనిపిస్తుంది. మాంసంలోంచి వచ్చే కొవ్వు బదులు పోస్తున్నాం, అంత పడుతుంది. ఉల్లిపాయల్ని అంచులు బాగా ఎర్రబడేదాకా, పదీ పన్నెండు నిమిషాలు వేయించండి. మూకుడు అడుగున గోధుమరంగు పొర పడుతుంది. అది మాడు కాదు, కంగారుపడి తోమేయకండి.

ఆ తర్వాత వెల్లుల్లి, అర నిమిషం. ఆపైన మూడు చెంచాల టమాటా పేస్ట్. ఈ పేస్ట్‌ని దగ్గరుండి చూసుకోండి. వేసినప్పుడు మెరిసే ఎరుపులో ఉంటుంది. కలుపుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో రంగు దిగి ఇటుకరంగుకి వస్తుంది, అంచుల్లోంచి నూనె కారడం మొదలవుతుంది, పచ్చి టమాటా వాసన పోయి తియ్యటి వాసన వస్తుంది. మసాలా వేయాల్సింది అప్పుడే.

మసాలా దగ్గర ఒక హెచ్చరిక. అమెరికన్ రెసిపీల్లో మూడు పెద్ద చెంచాల చిల్లీ పౌడర్ అని ఉంటుంది. ఆ డబ్బాలో ఉండేది ఒట్టి మిరప్పొడి కాదు. ఘాటు తక్కువ మిరపకాయల పొడిలో జీలకర్ర, ఓరెగానో, వెల్లుల్లి పొడి, ఒక్కోసారి ఉప్పు కలిపిన మిశ్రమం. ఒట్టి కారంతో మూడు చెంచాలు వేశారో, ఆ గిన్నె ముట్టుకునేవాడు ఉండడు. కారమే వాడేట్టయితే ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టండి. ఆ రంగూ చిక్కదనం తగ్గకుండా పాప్రికా అనే ఘాటు లేని ఎర్ర మిరప్పొడి రెండు పెద్ద చెంచాలు కలపండి.

ఎండు మిరపకాయలు దొరికితే మాత్రం పొడి జోలికి పోకండి. యాంచో అని ఉంటుంది, పొబ్లానో మిరపకాయని ఎండబెడితే అది. కాస్త ఎండుద్రాక్ష వాసన వేస్తుంది, ఘాటు తక్కువ. గుయాహీయో ఇంకొంచెం పుల్లగా, ఎర్రగా ఉంటుంది. చిపోట్లే అంటే పండిన హలపీన్యో మిరపకాయని పొగలో ఎండబెట్టింది. మాంసం లేని చిల్లీకి ఇది ప్రాణం, ఎందుకంటే పొగ వాసన తగిలితేనే నాలుకకి ఏదో కాలిందన్న భ్రమ కలుగుతుంది. నాలుగు యాంచోలు, రెండు గుయాహీయోలు, ఒక చిపోట్లే తీసుకోండి. తొడిమలు, గింజలు తీసేసి పొడి మూకుడు మీద కొద్దిసేపు వేడి చేయండి. వాసన రాగానే దించేయాలి, నల్లబడితే చేదెక్కుతుంది. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. నానిన నీళ్లు రుచి చూసి, చేదు లేకపోతే అవే పోసి రుబ్బుకోవచ్చు.

పొడైనా ముద్దైనా నూనెలో వేగాలి. మిరపకాయ ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ ఎర్ర రంగూ అంతే. నీళ్లలో చల్లిన పొడి ఎనిమిది గంటలైనా ఇసుకలా నోటికి తగులుతుంది. అదే పొడిని ఒక నిమిషం నూనెలో వేయిస్తే గిన్నె మొత్తం ఎర్రబడుతుంది. వేగాక ఓ గ్లాసు నీళ్లు పోసి, అడుగున పట్టిన పొర గీకి, మొత్తం కుక్కర్‌లోకి వంపేయండి. రుచంతా ఆ పొరలో ఉంది.

నాలుకని పట్టుకునే రుచి అన్నాను ఇందాక. జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా 1908లో సముద్రపు నాచులోంచి గ్లుటమేట్‌ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. టమాటాలో గ్లుటమేట్ బాగానే ఉంటుంది, సోయా సాస్‌లో ఇంకా ఎక్కువ. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అని ఇంకో పదార్థం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే రుచి కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. అందుకని 15 గ్రాముల ఎండు పుట్టగొడుగుల్ని పొడి చేసి వేయండి, రెండు పెద్ద చెంచాల సోయా సాస్ పోయండి. పుట్టగొడుగులున్నాయని తినేవాళ్లకి తెలియను కూడా తెలియదు. తీపి కలపని కోకో పొడి ఒక చెంచా కూడా నేను వేస్తాను. దాని చేదు మిరపకాయకి అండగా ఉంటుంది. కాఫీ డికాషన్ పోసేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు, రెండు చేదులు ఒకచోట ఎందుకని.

ఇక నమలడానికి. బల్గర్, అంటే ఉడికించి ఎండబెట్టి విరిచిన గోధుమ నూక, 100 గ్రాములు వేస్తే చాలు, ఖీమాలా అక్కడక్కడా పంటికి తగులుతాయి. సోయా గ్రాన్యూల్స్, అదే మన మీల్ మేకర్ చిన్న రకం, అదీ బాగుంటుంది. వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, ఆ ఉల్లిపాయల్లోనే వేయించాలి, లేకపోతే దాని వాసన పోదు. అక్రోట్లు ఒక గుప్పెడు కచ్చాపచ్చాగా దంచి వేస్తే నమలడానికీ పనికొస్తాయి, కొవ్వుకీ పనికొస్తాయి. మూడూ ఒకేసారి వేయకండి.

కొలతలు అడుగుతారని తెలుసు, రాసుకోండి. ఆరు లీటర్ల కుక్కర్‌కి ఎండు గింజలు 450 గ్రాములు, లేదా డబ్బాలైతే నాలుగు. టమాటా గుజ్జు 800 గ్రాములు. ఉల్లిపాయలు పెద్దవి రెండు, క్యాప్సికం రెండు, వెల్లుల్లి ఆరు రెబ్బలు. మసాలా ఇందాక చెప్పిందే, దానికి ఒక పెద్ద చెంచా జీలకర్ర పొడి, రెండు చిన్న చెంచాల ఓరెగానో. నీళ్లు 400 మిల్లీలీటర్లకి మించొద్దు. బల్గర్ వేస్తే ఇంకో 200. అరగంటే ఉడికిన గింజలు వేసినప్పుడు మాత్రం అవి మునిగేంత పోయాలి, టమాటా పడేది చివర్లో కదా.

నీళ్ల దగ్గర చేయి బిగించమనడానికి కారణముంది. స్టవ్ మీద గిన్నెలోంచి ఆవిరి పోతుంది, పులుసు చిక్కబడుతుంది. స్లో కుక్కర్ మూత ఆ ఆవిరిని పట్టి మళ్లీ గిన్నెలోకే కార్చేస్తుంది. పొద్దున ఎన్ని నీళ్లు పోశారో సాయంత్రానికి అన్నే ఉంటాయి, కూరగాయల్లోంచి ఊరినవి పైపెచ్చు. స్టవ్ మీద రెసిపీని ఇందులో చేసేవాళ్లు నీళ్లు మూడోవంతైనా తగ్గించాలి. అప్పటికీ పలచగా ఉంటే ఒక గరిటెడు గింజలు తీసి మెదిపి మళ్లీ కలపండి, లేదా మొక్కజొన్న పిండి, అంటే తెల్ల కార్న్‌ఫ్లోర్ కాదు, టోర్టిల్లాలనే మెక్సికో రొట్టెలు చేసే మాసా, రెండు చెంచాలు నీళ్లలో కలిపి చివరి అరగంటలో పోయండి. మాసా వాసన చిల్లీకి అతికినట్టుంటుంది.

గిన్నె సగానికి తగ్గకూడదు, మూడింట రెండు వంతులు దాటకూడదు. ఉడికిన గింజలతో అయితే లో మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు, హై మీద మూడున్నర, నాలుగు. అరగంటే ఉడికినవైతే లో మీద పది గంటల దాకా పట్టొచ్చు, గింజ ఎంత పాతదన్న దాన్నిబట్టి. పాత గింజ మొండిగా ఉంటుంది. మూత మాత్రం తీయకండి. ఒక్కసారి తీస్తే పోయిన వేడి మళ్లీ రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

ఎనిమిది గంటలు ఉడికితే మసాలా ఘాటు మిగులుతుంది గానీ వాసన మిగలదు. జీలకర్ర, ఓరెగానోల్లో ఉండే సువాసన అంతా ఎగిరిపోయే రకం. అందుకని మూడోవంతు పక్కన దాచి ఉంచి, దించడానికి పదిహేను నిమిషాల ముందు వేయండి. ఉప్పు సరిచూసుకోవాల్సింది అప్పుడే. ఆ తర్వాత ఒక నిమ్మకాయ పిండండి. నిమ్మరసం పడకముందు ఓసారి, పడ్డాక ఓసారి రుచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంకా ఏదో తక్కువైందని ఉప్పు మీద ఉప్పు వేసేవాళ్లకి చాలాసార్లు కావాల్సింది ఆ పులుపే.

ప్రశ్నలుంటే అడగండి.

సభలో ఒకరు: మాంసంలాగే ఉండే ప్లాంట్ బేస్డ్ ఖీమా దొరుకుతోంది కదండీ, అది వేసేస్తే ఈ పనులన్నీ తప్పుతాయి కదా?

కొన్ని తప్పుతాయి సార్. అది కూడా మూకుడులో ఎర్రగా వేయించాల్సిందే, చివరి గంటలో కలపాల్సిందే. ఎనిమిది గంటలు ఉంచితే ముద్దయిపోతుంది. ఉప్పు అందులో ముందే ఉంటుంది, చూసుకోండి. నాకైతే గింజల చిల్లీకి దాని అవసరం కనబడదు.

ఇంకొకరు: పొద్దున ఆన్ చేసి వెళ్తాం, మధ్యలో కరెంటు పోతే?

ఇంట్లో ఉంటే వెంటనే స్టవ్ మీదకి మార్చి పూర్తి చేసేయండి. ఇంట్లో లేరు, కరెంటు ఎంతసేపు పోయిందో తెలియదు, అప్పుడు పారబోయడమే. వచ్చేసరికి వేడిగానే ఉన్నా సరే. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా గబగబా పెరుగుతుంది, అది వదిలిన విషం కొన్నిసార్లు మళ్లీ కాచినా పోదు. టైమర్ పెట్టుకుని నాలుగైదు గంటల తర్వాత ఆన్ అయ్యేలా చేసే అలవాటు ఉంటే అదీ మానేయండి, కారణం ఇదే.

ఇంకొకరు: మిగిలితే అదే గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అందులోనే వేడి చేసుకోవచ్చా?

రెండూ వద్దమ్మా. ఆ పింగాణీ గిన్నె వేడిని వదలదు, ఫ్రిజ్‌లో పెట్టినా లోపల చిల్లీ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువ డబ్బాల్లోకి తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఫ్రీజర్‌లో అయితే నెలలు. మర్నాడు వేడి చేయడానికి స్లో కుక్కర్ పనికిరాదు, మరీ నెమ్మది. స్టవ్ మీదో మైక్రోవేవ్‌లోనో పొగలు వచ్చేదాకా కాచండి. రాత్రంతా ఉన్నాక బల్గర్ నీళ్లు పీల్చేసుకుని గట్టిపడుతుంది, కాస్త వేడినీళ్లు పోసి కలుపుకోండి, నిమ్మకాయ మళ్లీ పిండుకోండి.